మూలపురుషుడి వెనక కోతి

ఆ శనివారం పొద్దున మేంగ్ మాస్టారి పథకంలో ఎక్కడా చిక్కు లేదు. పదింటికి తక్ పెద్దాయన కుటుంబంతో బడికి వస్తాడు. పిల్లలు పెట్టిన సైన్సు ప్రదర్శన చూసి, బార్లీ టీ తాగుతాడు. మధ్యాహ్నం రెండు కుటుంబాలూ కలిసి హోటల్లో భోంచేస్తాయి. భోజనం మధ్యలో పెద్దాయన ఒక్కసారి తల ఊపితే చాలు, మాస్టారి కొడుకు కంగ్‌మిన్‌కీ, పెద్దాయన మనవరాలు దాజొంగ్‌కీ పెళ్లి ఖాయమైనట్టే. ఆ తర్వాత ఇంటికొచ్చి, ఇరుకు బూట్లు విప్పేసి, నడుం వాల్చవచ్చు.

అయితే ఆ తల అంత తేలిగ్గా ఊగేది కాదు. మా ఉన్‌గోక్‌ ఊళ్లో తక్ వంశమంటే మాటలా? వాళ్ల మూలపురుషుడు కొండ కింది కొలనులోంచి బంగారుతీగ చేప వీపు మీద కూర్చుని బయటికి వచ్చాడంటారు. ఆయన చంకలో మూడు పొలుసులు ఉండేవంటారు. అందుకే తక్ వాళ్లు ఆ చేపను నోట పెట్టరు. ఒకే మూలపురుషుడికి పుట్టినవాళ్లు ఎన్ని తరాలు దూరమైనా సరే పెళ్లాడకూడదన్నది పెద్దాయన శాసనం. ఒకప్పుడు దేశంలో ఇదే చట్టంగా ఉంటే, కోర్టు దాన్ని ఎప్పుడో కొట్టేసింది. పెద్దాయన కోర్టునే కొట్టేశాడు. తమ్ముడి మనవడు పుసాన్‌ పట్నంలో ఇంకో తక్ పిల్లను ఇష్టపడితే, ఇద్దరి మధ్యా ఇరవై తొమ్మిది తరాల దూరం ఉందని తేలినా, సగోత్రం సగోత్రమేనని ఆ సంబంధం చెడగొట్టాడు. మేంగ్ వాళ్లది వేరే వంశమని నలుగురినీ అడిగి తెలుసుకున్నాకే ఇవాళ గడప దాటుతున్నాడు.

మాస్టారు టై కట్టుకుంటుంటే భార్య ఒక్‌హీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఒక్క మాట. ఇవాళ ఒక్కరోజు ఎవరినీ దిద్దకండి."

"నేనెప్పుడు దిద్దాను?"

"మొన్న మా అమ్మ పొద్దు గుంకిందంటే, పొద్దు ఎక్కడికీ పోదు, తిరిగేది భూమి అన్నారు. ఆవిడ ఆ పూట అన్నం మానేసింది."

"అది కాదే, గుంకడం అనేది చూసేవాడి..."

"ఇదిగో, ఇదే వద్దన్నది. పెద్దాయన ఏమన్నా 'చిత్తం' అనండి. పిల్లాడి బతుకు మీ నాలుక మీదుంది."

మాస్టారు చిత్తం అన్నాడు. మంచి మనిషే. తప్పు మాట చెవిన పడితే మాత్రం పళ్లలో పీచు ఇరుక్కున్నట్టు ఉంటుంది ఆయనకి, తీసేదాకా తోచదు.

బడికి వెళ్లేసరికి ఉప ప్రధానోపాధ్యాయుడు బాంగ్ గారు ఒక గోడ ముందు నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. గోడ నిండా పిల్లలు పెద్ద అట్ట మీద వేసిన చెట్టు బొమ్మ ఉంది. కాండం మొదట్లో చేప, పైన కొమ్మల మీద కప్ప, బల్లి, పిట్ట, ఎలుక, ఆవు. చిటారు కొమ్మ రెండుగా చీలి, ఒక రెమ్మ మీద మనిషి, పక్క రెమ్మ మీద చింపాంజీ. ఒక్కో బొమ్మ కింద పిల్లలు తమ సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాశారు.

"మాస్టారూ, తక్ పెద్దాయన వచ్చే రోజున మనిషి పక్కన కోతా?" అన్నాడు బాంగ్ గారు.

"కోతి కాదండీ, చింపాంజీ."

"పేరు మారిస్తే తోక రాలిపోతుందా?"

"చింపాంజీకి తోకుండదండీ."

బాంగ్ గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎంతైనా ఇది సిద్ధాంతమే కదా మాస్టారూ. సిద్ధాంతమంటే ఇంకా తేలలేదనేగా. తేలేదాకా దీన్ని ఆ మూలకి తిప్పి పెడదాం."

ఈ మాట విన్నాక మాస్టారికి భార్య గుర్తు రాలేదు. ఆ వాదన ఆయన ఇరవై ఏళ్లుగా పిల్లల నోటా, తల్లిదండ్రుల నోటా, చర్చి నుంచి వచ్చిన పెద్దల నోటా విని విని ఉన్నాడు. సైన్సులో సిద్ధాంతమంటే ఊహ కాదని, బోలెడన్ని రుజువులను ఒక్కచోట కూర్చి నిలబెట్టిన వివరణ అని, క్రిముల వల్ల రోగాలొస్తాయన్నదీ సిద్ధాంతమేనని, అంతమాత్రాన బాంగ్ గారు చేతులు కడుక్కోవడం మానడం లేదు కదా అని చెప్పాడు. మనిషి చింపాంజీ నుంచి రాలేదు, ఇద్దరూ ఒకే పాత పూర్వీకుడి సంతానమని కూడా చెప్పాడు.

బాంగ్ గారు శ్రద్ధగా విన్నాడు. "అంటే కోతి మన తాత కాదు, పెదనాన్న కొడుకు. ఇంకా దగ్గరివాడేగా."

దీనికి మాస్టారు జవాబు చెప్పబోతుండగా గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఆయన పరుగెత్తాడు. బాంగ్ గారు ఒంటరిగా మిగిలాడు, పనిలో పనిగా ఆయనకో ఆలోచన కూడా మిగిలింది.

నడవాలో గోడకి తక్ వంశ మూలపురుషుడి పటం ఉంది. బడికి కొత్త గదులు కట్టినప్పుడు పెద్దాయనే ఇచ్చాడు. గడ్డం, నల్లటోపీ, చూసేవాడిని పరీక్ష తప్పించేలాంటి చూపు. బాంగ్ గారు దాన్ని తీసుకొచ్చి చింపాంజీ మీద తగిలించాడు. కొలిచి చేయించినట్టు సరిపోయింది. కోతి మాయమైంది, పెద్దాయన పూర్వీకుడికి చిటారు కొమ్మన పెద్దపీట దక్కింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలనుకుని ఆయన సంతోషించాడు. పటం కింద పిల్లలు రాసిన మాటలు అలాగే ఉండిపోయాయి. పిల్లల రాతలు చదివే అలవాటు ఆయనకు లేదు.

పెద్దాయన నల్లటి గుర్రపు వెంట్రుకల టోపీతో, చేతికర్రతో వచ్చాడు. వెనక చిన్న మూట పట్టుకుని భార్య బున్నమ్ అవ్వ, ఆవిడ వెనక దాజొంగ్. అప్పటికే కంగ్‌మిన్, ఒక్‌హీ టీ బల్ల దగ్గర నడుం వంచి నిలబడి ఉన్నారు. పెద్దాయన బంగాళాదుంపతో వెలిగిన దీపాన్ని మెచ్చుకున్నాడు. సోడాతో పొంగిన అగ్నిపర్వతం ముందు ఒకడుగు వెనక్కి వేసి, బాగుందన్నాడు. అవ్వ పిల్లల కోసం వేసిన చిన్న కుర్చీలో కూర్చుని, బియ్యప్పిండి ఉండ ఒకటి నోట్లో వేసుకుంది. ఆవిడకు పొద్దున్నుంచి తీరిగ్గా కూర్చోవడం అదే మొదటిసారి.

అంతలో పెద్దాయన కళ్లు గోడ మీద పడ్డాయి.

"ఓహో, మా మూలపురుషుడే," అన్నాడు. మొహం విప్పారింది. కళ్లజోడు పెట్టుకుని, కింద రాసింది పైకి చదవడం మొదలుపెట్టాడు. "'మనకు అందరికన్నా దగ్గరి చుట్టం. పండ్లూ చీమలూ తింటాడు.'"

బాంగ్ గారు టీ బల్ల వైపు ఒకడుగు జరిగాడు.

"'చెట్టు మీద నిద్ర. ఒకరికొకరు పేలు ఏరుకోవడమంటే ఇష్టం. కోపమొస్తే చేతికి అందింది విసురుతాడు.'"

"చివరిది మాత్రం వంశంలో దిగింది," అంది బున్నమ్ అవ్వ ఉండ నములుతూ.

పెద్దాయన చేతికర్ర నేలకి కొట్టి మాస్టారి వైపు తిరిగాడు. "మా పూర్వీకుడు చీమలు తిన్నాడని ఎవరు చెప్పారయ్యా నీకు?"

బాంగ్ గారి మొహం చూడగానే మాస్టారికి సంగతంతా అర్థమైంది. "పెద్దాయనగారూ, అది ఆయన గురించి కాదండీ. పటం వెనక ఉన్నదాని గురించి."

"వెనక ఏముంది?"

"కోతి," అన్నాడు బాంగ్ గారు సాయం చేద్దామని.

"చింపాంజీ," అన్నాడు మాస్టారు.

"అంటే మా మూలపురుషుడి వెనక కోతి ఉందంటారు."

కంగ్‌మిన్ తల దించుకున్నాడు. దాజొంగ్ తాత చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, పొరపాటున తగిలించారు, అంతే," అంది. పెద్దాయన చెయ్యి విడిపించుకున్నాడు. మనిషిని కోతి చేసే ఇంటికి పిల్లనిచ్చేది లేదన్నాడు, కారు తెమ్మన్నాడు. కొడుకు మొహం చూస్తే మాస్టారికి గుండె కలుక్కుమంది. రెండేళ్లుగా ఆ పిల్ల పేరెత్తితేనే చెవులు ఎర్రబడే కుర్రాడు. ఏదో ఒకటి చేసి ఈ ముసలాయనను రెండు నిమిషాలు ఆపాలి. చూపు గోడ మీద పైనుంచి కిందికి జారి, కాండం మొదట్లో ఆగింది.

"పెద్దాయనగారూ, పైన చూడకండి. అసలు మొదలు అక్కడ కాదు. కింద చూడండి. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్తే మన పూర్వీకులు చేపలండీ."

చేతికర్ర ఆగింది.

"ఏమన్నావు?"

"చేపలు. నీళ్లలోంచి గట్టెక్కాయి."

పెద్దాయన మెల్లగా వంగి ఆ చేపను చూశాడు. "పొలుసులున్నాయా?"

"ఉన్నాయండీ."

"నీళ్లలోంచి బయటికొచ్చిందా?"

"వచ్చిందండీ. చాలా కాలం పట్టింది కానీ వచ్చింది."

పెద్దాయన నిటారుగా లేచి, భార్య వైపు తిరిగాడు. "విన్నావా? చంకలో పొలుసులంటే మీ పుట్టింటివాళ్లు నవ్వారు. ఇప్పుడు బళ్లో పాఠమే చెప్తున్నారు." ఆపైన మాస్టారి భుజం తట్టాడు. "ముందే ఈ మాట చెప్పొద్దటయ్యా. తక్ వంశం చేప నుంచి వచ్చిందని సైన్సు ఒప్పుకుందన్నమాట. చాలా మంచి సైన్సు."

ఒక్‌హీ ఊపిరి వదిలింది. బాంగ్ గారు కప్పుల్లోకి టీ వంపసాగాడు. పెద్దాయన తల ఊగడానికి సిద్ధంగా ఉందని, ఇక హోటలు దాకా కూడా వెళ్లక్కర్లేదని అందరికీ కనిపిస్తూనే ఉంది. మాస్టారు చిత్తం అంటే సరిపోయేది. ఆయన పెదవులు ఆ మాట కోసం తెరుచుకున్నాయి కూడా. కానీ పీచు ఇరుక్కునే ఉంది.

"తక్ వంశం ఒక్కటే కాదండీ," అన్నాడు. "అందరూను."

ఒక్‌హీ కళ్లు మూసుకుంది.

"అందరూ అంటే? మీ మేంగ్ వాళ్లు కూడానా?"

"మేమూనండీ."

"వేరే చేపేమో."

"అదే చేపండీ. అందరిదీ ఒకే మూలం."

పెద్దాయన టీ కప్పు కింద పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు, లెక్క కడుతున్నాడు. కోపం ఉన్నా బాగుండేది. "అంటే మీకూ మాకూ మూలపురుషుడు ఒక్కడే."

"చాలా వెనకండీ, కోట్ల ఏళ్ల వెనక..."

"కోట్లయితే ఏం? పుసాన్ సంబంధం ఇరవై తొమ్మిది తరాల దూరం. ఆ పిల్లాడు నా కాళ్ల మీద పడి ఏడ్చాడు. సగోత్రం సగోత్రమేనని పంపించేశాను. వాడికో న్యాయం, నా మనవరాలికో న్యాయమా? ఈ పెళ్లి జరగదు."

దాజొంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్‌హీ భర్త పక్కకి జరిగి, "తేలలేదని చెప్పండి," అని పళ్ల మధ్య నుంచి అంది. బాంగ్ గారు అయితే దండం పెడుతూ ముందుకొచ్చాడు. "పెద్దాయనగారూ, ఇది వట్టి సిద్ధాంతమండీ. ఇంకా తేలని వ్యవహారం. నేను పొద్దున్నే చెప్పాను."

"నువ్వుండవయ్యా. మాస్టారూ, నువ్వు చెప్పు. ఇది తేలిన మాటా, తేలని మాటా?"

మాస్టారు కొడుకు వైపు చూశాడు. కంగ్‌మిన్ తండ్రి కళ్లలోకి చూసి నేల చూపులు చూశాడు. చిన్న అబద్ధం. ఇవాళ ఆడేసి రేపు దిద్దుకోవచ్చు. పెళ్లయ్యాక, మనవడు పుట్టాక, తీరిగ్గా దిద్దుకోవచ్చు. గోడ మీది చెట్టుకి పిల్లలు ఆకుపచ్చ రంగు అయిపోతే నీలం, పసుపు కలిపి పూసిన చోటు ఆయనకు కనిపించింది. సోమవారం ఆ పిల్లల ముందే నిలబడాలి.

"సిద్ధాంతమేనండీ," అన్నాడు. "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నది ఎలాంటి సిద్ధాంతమో ఇదీ అలాంటిదే. నా కొడుకు కోసమైనా నేను తేలలేదని చెప్పలేను."

పెద్దాయన టోపీ సర్దుకుని నడుం కొద్దిగా వంచాడు. "అబద్ధమాడి ఉంటే పెళ్లయిపోయేది. ఆడలేదు. కాబట్టి నువ్వు చెప్పింది నిజమే. నేను నమ్ముతున్నాను. ఇలాంటి ఇంటికి పిల్లనివ్వలేకపోతున్నందుకు నాకూ బాధగానే ఉంది."

మా ఉన్‌గోక్‌లో జీవపరిణామాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్న మొదటి పెద్దమనిషి ఆయనే. ఇరవై ఏళ్లుగా ఇలాంటి రోజు కోసమే మాస్టారు కలలు కన్నాడు. తీరా వచ్చేసరికి ఆయనకి ఏడుపొచ్చింది.

అప్పుడు చిన్న కుర్చీ కిర్రుమంది.

"మాస్టారూ," అంది బున్నమ్ అవ్వ, "ఆ చేప మా పుట్టింటి ఇమ్ వాళ్లకి కూడా వర్తిస్తుందా?"

"వర్తిస్తుందమ్మా," అన్నాడు మాస్టారు. మునిగినవాడికి చలేమిటి?

"మీరు ఖాయంగా చెప్తున్నారుగా?"

"ఖాయమేనమ్మా."

అవ్వ చేతికంటిన పిండి దులుపుకుంది. మూట ముడి బిగించి, మోకాళ్లు పట్టుకుని లేచింది. భర్త ముందు నిలబడి, కొత్త కోడలిగా వచ్చిన రోజు వంగినంత వినయంగా వంగింది.

"అన్నయ్యగారూ, ఒంట్లో జాగ్రత్త. నేను మా తమ్ముడింటికి వెళ్తున్నా."

పెద్దాయనకి వెంటనే బోధపడలేదు. "అన్నయ్య ఎవరు?"

"మీరే. అరవై ఏళ్లు సగోత్రికుడితో కాపురం చేశాను. తెలియక చేశాను, తెలిశాక చెయ్యలేను కదా. ఇంత దూరమైనా న్యాయం న్యాయమేనని ఇప్పుడే అన్నారు."

"ఇదేం మాటే? వచ్చే వారం పెద్దల పూజ. కొండ మీద సమాధుల దగ్గరికి ఊరూరి నుంచి తక్ వాళ్లంతా వస్తున్నారు."

"రానివ్వండి."

"పెసర అట్లు ఎవరు వేస్తారు? సముద్రపు చేపముక్కలు ఎవరు వేయిస్తారు?"

"చేపకి పుట్టినవాళ్లు ఎవరైనా వేస్తారు," అంది అవ్వ. "పెళ్లయిన ఏడాది మొదలు మీ తాతకీ, ముత్తాతకీ, ఆయన తాతకీ నూనె పొగలో కూర్చుని అట్లు వేశాను. ఇవాళ మాస్టారు దయ వల్ల తేలింది, అది నా పని కాదని. నాకీ సైన్సు ముందే చెప్పినవాళ్లు లేకపోయారు."

పెద్దాయన నోరు తెరిచి మూశాడు. అచ్చం గోడ మీది చేపలాగే ఉన్నాడు. అవ్వ నిజంగానే తలుపు దాకా నడిచింది. మాస్టారికి ఇక్కడ దిద్దాల్సినవి కనీసం మూడు కనిపించాయి. పెళ్లి నియమానికీ జీవపరిణామానికీ సంబంధం లేదు, కోట్ల ఏళ్ల కింది చుట్టరికాన్ని చుట్టరికమనరు, అన్నాచెల్లెళ్లు అనడం అసలే తప్పు. ఆయన వేలెత్తి, "అమ్మా, శాస్త్రప్రకారం..." అన్నాడు. ఒక్‌హీ పళ్లెంలోంచి పెద్ద బియ్యప్పిండి ఉండ తీసి ఆయన నోట్లో కుక్కింది. అవి జిగురుగా ఉంటాయి, నమలడానికి చాలాసేపు పడుతుంది. జీవితంలో మొదటిసారి మాస్టారు ఒక తప్పు మాటను అలాగే వదిలేశాడు.

పెద్దాయన తలుపు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. చేతికర్ర ఊతంగా నడిచి వెళ్లి మూలపురుషుడి పటం ముందు నిలబడ్డాడు. "బాంగ్ గారూ," అని పిలిచాడు. "ఈ పటం వెనక ఉన్నది ఇక్కణ్నుంచి కనబడుతోందా?"

"అస్సలు కనబడదండీ. అందుకేగా పెట్టింది."

"అదే నేనూ అంటున్నాను." పెద్దాయన గొంతు సవరించుకుని, వంశసభలో మాట్లాడే గొంతుతో అన్నాడు. "వంశం లెక్క మూలపురుషుడి దగ్గర మొదలవుతుంది. ఆయన వెనక కోతి ఉందా, చేప ఉందా అన్నది ఆయన సొంత వ్యవహారం. పిల్లాపాపలం మనం తొంగి చూడకూడదు. మేంగ్ వాళ్ల పటం వేరు, మా పటం వేరు. ఇమ్ వాళ్ల పటం కూడా వేరే." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఏమేవ్, విన్నావా? లోపలికి రా."

అవ్వ గుమ్మంలోనే నిలబడింది. "సిద్ధాంతం గట్టిదని మాస్టారే అన్నారు. ఆలోచించుకోవాలి."

"ఆలోచించేదేముంది?"

"అట్లు చాలా ఉంటాయి."

పెద్దాయన గది చుట్టూ ఒకసారి చూశాడు. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు, అందరూ అగ్నిపర్వతాన్ని చూస్తున్నారు. "నేను తిప్పుతాలే," అన్నాడు.

"పిండి రుబ్బడం?"

"అదీ."

అవ్వ వచ్చి చిన్న కుర్చీలో కూర్చుంది. పెద్దాయన కంగ్‌మిన్ వైపు తిరిగి, "అబ్బాయ్, నీకు అట్టు తిప్పడం వచ్చా?" అని అడిగాడు. రాదండీ, నేర్చుకుంటానన్నాడు కంగ్‌మిన్. అప్పుడు ఊగింది ఆ తల. దాజొంగ్ ఏడుస్తూ నవ్వింది. మాస్టారు ఇంకా నములుతూనే ఉన్నాడు, కళ్లు మాత్రం తడిశాయి. ఒక్‌హీ అది జిగురు వల్ల అని అందరికీ చెప్పింది.

మరుసటి వారం పెద్దల పూజకి వచ్చిన తక్ వాళ్లు వాకిట్లోనే ఆగిపోయారు. పొయ్యి ముందు టోపీ తీసి పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, వంశ పెద్ద పెసర అట్లు తిప్పుతున్నాడు. పక్కన మనవరాలికి కాబోయే మొగుడు నూనె పోస్తున్నాడు. అరుగు మీద పరుపు వేసుకుని కూర్చున్న బున్నమ్ అవ్వ, మొదటి వాయి మాడిందని, రెండోది ఫరవాలేదని తీర్పులు చెబుతోంది. ఆ పూట పెద్దాయన నూనె పొగకి కళ్లు తుడుచుకుంటూ పుసాన్‌కి ఫోను చేయించాడట, ఆ పిల్లాడికి ఇంకా పెళ్లి కాలేదా అని కనుక్కోమన్నాడట. ఇప్పటికీ ఏ పూజ దగ్గర పడినా అవ్వ మాస్టారికి ఫోను చేసి, ఆ చేప సిద్ధాంతం ఇంకా నిలబడే ఉందా అని అడుగుతుంది. నిలబడే ఉందమ్మా అంటాడాయన. ఒక జీవి మారడానికి లక్షల ఏళ్లు పడుతుందని పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఈమధ్య కొంచెం తడబడుతున్నాడు.